డాక్టరమ్మ జవాబులు: ఒకే సూది ఇద్దరి చేతుల్లోకి ఎలా వస్తుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఒకచోట చేర్చాను. రాసినవారికి ఒకరితో ఒకరికి పరిచయం లేదు. అయినా నలుగురినీ వేధిస్తున్నది ఒకే సంగతి: మత్తు సూదులు, వాటి వెంట వచ్చే హెచ్‌ఐవి. ఉత్తరాలను కొంత కుదించాను. రాసినవారిని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నేను ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్నాను. హెచ్‌ఐవి వ్యాప్తి మీద సెమినార్‌కు వ్యాసం రాస్తున్నాను. మన తెలుగు జిల్లాల్లో హెచ్‌ఐవి ఎక్కువగా లైంగిక సంబంధాల వల్ల వ్యాపించిందని, మణిపూర్ వంటి చోట్ల మాత్రం మత్తు సూదుల వల్ల వ్యాపించిందని చదివాను. ఒక సందేహం తీరడం లేదు. సిరంజి ఖరీదు పది రూపాయలు కూడా ఉండదు. మత్తుమందుకు వందలు ఖర్చు పెట్టేవాడు పది రూపాయలు పెట్టి కొత్త సిరంజి కొనుక్కోలేడా? ఇది నిర్లక్ష్యం కాక మరేమిటి? దీనికి సామాజిక, ఆర్థిక కారణాలు వెతకడం వాళ్లను వెనకేసుకు రావడం కాదా?
— ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: ఈ లెక్క నన్ను చాలామంది అడిగారు. వైద్య విద్యార్థులు కూడా అడిగారు. లెక్క తప్పు కాదు. అయితే ఒక మనిషి తీరిగ్గా, ఒంటరిగా, పగటిపూట, ఎవరికీ భయపడకుండా సిరంజి కొనుక్కోగలిగినప్పుడే అది పనిచేస్తుంది. ఆ పరిస్థితి లేనిచోట ఏం జరిగిందో చెబుతాను.

1990లలో మావారి ఉద్యోగం వల్ల మేము ఇంఫాల్‌లో కాపురం ఉన్నాం. అక్కడ ఒక చిన్న క్లినిక్‌లో పనిచేశాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇరవై, పాతికేళ్ల కుర్రవాళ్లు. చేతుల మీద, తొడల మీద చీము పట్టిన పుండ్లు. కట్టు విప్పుతుంటే తల పక్కకు తిప్పుకునేవాళ్లు, నొప్పికి కాదు, సిగ్గుకు. చాలామంది కాలేజీలో చదివినవాళ్లు. కొందరు నాతో ఇంగ్లీషులో చక్కగా మాట్లాడేవాళ్లు.

నేను వెళ్లేనాటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది. 1989 సెప్టెంబరులో మణిపూర్‌లో సూది వాడేవారిని పరీక్షిస్తే హెచ్‌ఐవి ఉన్నవారు ఒక్కరూ కనిపించలేదు. ఆ తరువాత దాదాపు ఆరు నెలలకే పరీక్షించినవారిలో సుమారు సగం మందికి సోకి ఉంది. ఆ ఆరు నెలల్లో అక్కడి యువకులందరూ ఉన్నట్టుండి నిర్లక్ష్యపరులు అయిపోయారని అనలేం కదా. వైరస్ అడుగుపెట్టేసరికి అది నడిచే దారి అప్పటికే వేసి ఉంది. ఆ దారి ఎలా ఏర్పడిందన్నదే మీ సెమినార్‌కు పనికొచ్చే ప్రశ్న.

మొదట భూగోళం చూడండి. మణిపూర్‌కు మయన్మార్‌తో దాదాపు 400 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. ఇంఫాల్ నుంచి సరిహద్దు పట్టణం మోరేకు సుమారు 110 కిలోమీటర్లు. దాటితే అవతల తము. మయన్మార్, లావోస్, థాయ్‌లాండ్ కలిసే కొండప్రాంతాల్లో తయారయ్యే హెరాయిన్ బయటి ప్రపంచానికి వెళ్లే దారుల్లో ఇదొకటి. అక్కడ దాన్ని ‘నంబర్ ఫోర్’ అంటారు. సరుకు వెళ్లే దారిలో ఉన్న ఊళ్లలో అది చవకగా దొరుకుతుంది. కూలి డబ్బుకు బదులు సరుకే ఇవ్వడం కూడా ఇలాంటి దారుల్లో మామూలే.

ఆ దారి పక్కన ఎవరున్నారు? చదువుకుని పని లేని యువకులు. చెప్పుకోదగ్గ పరిశ్రమలు లేవు. ప్రభుత్వోద్యోగం ఒక్కటే ఆశ, దానికి పోటీ విపరీతం. 1980లో రాష్ట్రమంతటినీ కల్లోలిత ప్రాంతంగా ప్రకటించి సైన్యానికి ప్రత్యేక అధికారాలు ఇచ్చారు. కర్ఫ్యూలు, బందులు, రహదారి దిగ్బంధాలు. పొద్దు వాలితే బజారు మూత పడేది. ఇరవై ఏళ్ల వయసులో సాయంత్రమంతా నాలుగు గోడల మధ్య గడపడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. అందరూ మత్తుకు అలవాటు పడలేదు. అందుబాటులో సరుకు, చేతినిండా ఖాళీ సమయం, ముందు ఏ దారీ లేకపోవడం, ఈ మూడూ ఒకేచోట కలిసినప్పుడు అలవాటు పడేవాళ్ల సంఖ్య పెరుగుతుంది, అంతే.

ఇక మీ పది రూపాయల సిరంజి దగ్గరకు వద్దాం. అక్కడి మందుల షాపుల్లో కుర్రవాడు సిరంజి అడిగితే డాక్టరు చీటీ చూపమనేవారు, లేదా లేదని పంపేసేవారు. జేబులో సిరంజితో పోలీసులకు దొరికితే అదే సాక్ష్యం. మరోపక్క ప్రభుత్వంతో పోరాడే సాయుధ వర్గాలు మత్తు వాడేవాళ్లను శిక్షించేవి. కాలిలో తుపాకీతో కాల్చడం కూడా జరిగింది. ఇన్ని భయాల మధ్య ఎవరు సిరంజి దగ్గర పెట్టుకుని తిరుగుతారు? ఎవరూ తిరగరు. ఏదో పాడుబడిన చోట ఒకదాన్ని దాచిపెడతారు. అందరూ అక్కడికే వస్తారు. సిరంజి దొరకనప్పుడు సిరా పోసే డ్రాపరుకు సూది బిగించి వాడారు. ఆ డ్రాపరును శుభ్రం చేయడం సాధ్యం కాదు. ఒకరి రక్తం అందులో మిగిలి మరొకరి ఒంట్లోకి వెళుతుంది.

మీ లెక్కలో లేని మరో అంకె ఉంది. మత్తుమందు కొనేది చాలాసార్లు ఒక్కడు కాదు. ఒకడి దగ్గర పొట్లానికి సరిపడా డబ్బు ఉండదు. ఇద్దరో ముగ్గురో చేతిలో ఉన్నది పోగేసి ఒక పొట్లం కొంటారు. మూడు కొత్త సిరంజిలు ఉన్నా సరే, మందు కరిగించే పాత్ర ఒకటే, నీళ్లు ఒకటే, దూది ఒకటే. వైరస్ అక్కడ కూడా చేతులు మారగలదు. పైగా ఆ మందు అందని శరీరం ఊరుకోదు. ముక్కు కారుతుంది, కడుపులో మెలిపెడుతుంది, వాంతులు, ఒళ్లంతా నొప్పులు. ఆ స్థితిలో ఉన్నవాడికి రేపు ఉదయం తొమ్మిదింటికి షాపు తెరుస్తారన్న మాట ఊరట ఇవ్వదు.

అసలు సూది దాకా రావడంలోనూ డబ్బు ఉంది. హెరాయిన్‌ను పొగగా పీల్చితే కొంత గాలిలో కలిసిపోతుంది. ధర పెరిగినప్పుడు, సరుకు పలచబడినప్పుడు, అదే డబ్బుకు అంతే మత్తు కావాలంటే సూదిలోకి మారతారు. ఇది మణిపూర్‌లోనే కాదు, చాలా దేశాల్లో కనిపించింది. హెరాయిన్ మరీ ప్రియమైనప్పుడు మణిపూర్, మిజోరం కుర్రవాళ్లు స్పాస్మోప్రాక్సివాన్ అనే కడుపునొప్పి గొట్టాల్లోని (క్యాప్సూల్స్‌లోని) పొడిని కరిగించి ఎక్కించుకున్నారు. అది నోటితో మింగవలసిన మందు. నరంలోకి వెళితే కండ కుళ్లిపోతుంది. నేను కట్లు కట్టిన పుండ్లలో చాలా వరకు వాటివే. చేతులు, కాళ్లు తీసేయవలసి వచ్చినవాళ్లు ఉన్నారు. ఆ గొట్టాల్లో ఉండే డెక్స్ట్రోప్రోపాక్సిఫీన్ మందును మన దేశం 2013లో గాని ఆపలేదు. హెరాయిన్ దొరక్కుండా చేస్తే చాలు, సమస్య తీరిపోతుందనుకునేవారికి నేను ఈ పుండ్ల సంగతే చెబుతాను.

చికిత్స లేదు కాబట్టి తల్లిదండ్రులే కొడుకులను జైల్లో పెట్టించిన సందర్భాలు కూడా ఉన్నాయి. బయట ఉంటే చచ్చిపోతాడేమోనన్న భయం వాళ్లది. మద్యానికి వ్యతిరేకంగా 1970లలో కదిలిన మణిపూర్ మహిళలు రాత్రిపూట కాగడాలు పట్టుకుని వీధులు కాచారు. మన దూబగుంట మహిళల సారా వ్యతిరేక పోరాటం తెలిసినవారికి వాళ్ల బాధ అర్థమవుతుంది. ఆ తల్లుల కోపాన్ని నేను తప్పుపట్టను. కానీ కోపానికి భయపడి కుర్రవాళ్లు ఇంకా చీకటి మూలలకు వెళ్లారు, ఆ మూలల్లో సూదులు ఇంకా తక్కువ.

మార్పు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా మీ వ్యాసంలో రాయండి. 1991లో ఇంఫాల్‌లో, ఒకప్పుడు తామే మత్తు వాడిన కొందరు కలిసి ‘సాసో’ అనే సంస్థ పెట్టారు. 1996లో మణిపూర్ ప్రభుత్వం సొంత ఎయిడ్స్ విధానం తెచ్చింది. శుభ్రమైన సూదులు ఇవ్వడం, వాడినవి వెనక్కు తీసుకోవడం అందులో భాగమైంది. సూదికి బదులు నాలుక కింద కరిగే బ్యూప్రినార్ఫిన్ మాత్ర ఇచ్చే చికిత్స 2008 నాటికి జాతీయ కార్యక్రమంలోకి వచ్చింది. 1990ల చివర్లో మణిపూర్‌లో సూది వాడేవారిలో హెచ్‌ఐవి 70 శాతం దాటింది. 2010–11లో హెచ్‌ఐవి ఎంతమందిలో ఉందో గమనించే ప్రభుత్వ నిఘా సర్వేలో అది 13 శాతం దరిదాపులకు దిగింది. ఈ తగ్గుదలలో చనిపోయినవారు కూడా ఉన్నారని మరచిపోవద్దు. అయినా కొత్తగా సోకడం తగ్గిందన్నది నిజం. అక్కడి కుర్రవాళ్ల స్వభావం మారలేదు, వాళ్ల చుట్టూ ఉన్న ఏర్పాటు మారింది. ఆ ఏర్పాటు చెదిరితే పాత ప్రమాదం తిరిగొస్తుంది. 2023 మే నుంచి జరిగిన హింసలో దాదాపు 60 వేల మంది ఇళ్లు వదిలి శిబిరాలు పట్టారు. రోజూ మాత్ర తీసుకోవలసిన మనిషికి దారి మూసుకుపోవడం అంటే ఏమిటో మీరే ఆలోచించండి.

ఇదంతా దూరపు రాష్ట్రం కథ అని రాసి ముగించవద్దు. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వెలువడింది. దేశంలో సూదితో మత్తు తీసుకునేవారు సుమారు 8.5 లక్షల మంది అని అంచనా. వారి సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. దేశంలోని పెద్దల్లో హెచ్‌ఐవి 0.2 శాతం చుట్టూ ఉంటే, 2021 నిఘా సర్వేలో సూది వాడేవారిలో అది 9 శాతం.

వెనకేసుకు రావడమా అని అడిగారు. కాదు. జబ్బు ఎలా వచ్చిందో తెలియకుండా దాన్ని ఆపలేం.

ప్రశ్న: అయ్యా/అమ్మా, ఇరవై ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. ఈ మధ్య కొందరు కుర్రవాళ్లు రాత్రి వేళ వచ్చి సిరంజిలు మాత్రమే అడుగుతున్నారు. మందు ఏమీ కొనరు. నాకు విషయం అర్థమై అమ్మడం మానేశాను. పక్క షాపుల వాళ్లతో కూడా మానిపించాను. ఊరికి మేలు చేశాననే అనుకుంటున్నాను. మా అబ్బాయి ఫార్మసీ చదువుతున్నాడు, నేను చేసింది తప్పంటున్నాడు. ప్రభుత్వమే ఉచితంగా సూదులు పంచుతుందట. ఇది నిజమా? నిజమైతే ఇదెక్కడి న్యాయం?
— మందుల షాపు యజమాని, ఒంగోలు

జవాబు: మీ ఉద్దేశం మంచిది. అయినా మీ అబ్బాయి మాటే సరైనది.

స్కాట్లండ్‌లో ఎడిన్‌బరో అనే నగరం ఉంది. 1980ల మొదట్లో అక్కడ హెరాయిన్ వాడకం పెరిగింది. అధికారులు, షాపులవాళ్లు అచ్చం మీలాగే ఆలోచించారు. సిరంజిలు అమ్మే చోట్లు మూతపడ్డాయి. పోలీసులు జేబులు తడిమి సూదులు లాక్కున్నారు. మత్తు ఆగలేదు. ఒక్కో సిరంజి పదుల మంది చేతుల్లో తిరిగింది. రాయ్ రాబర్ట్‌సన్ అనే వైద్యుడు తన క్లినిక్‌కు వచ్చే హెరాయిన్ వాడకందారుల రక్తాన్ని పరీక్షించి 1986లో ఫలితం ప్రచురించారు. సగం మందికి పైగా హెచ్‌ఐవి ఉంది. పొరుగునే ఉన్న గ్లాస్గోలో హెరాయిన్ వాడేవారు తక్కువేమీ కాదు. అక్కడ సూదులు కొంత తేలిగ్గా దొరికేవి, హెచ్‌ఐవి మాత్రం చాలా తక్కువ. రెండు నగరాల మధ్య గంట ప్రయాణం.

ఇది పాత కథ అనుకుంటే, అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని స్కాట్ కౌంటీని చూడండి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఆస్టిన్ అనే ఊరు, జనాభా నాలుగు వేల పైచిలుకు. పనులు పోయిన పేద ఊరు. నొప్పి మాత్రలు కరిగించి సూదితో ఎక్కించుకునే అలవాటు ఇళ్లలోకి వచ్చింది. ఒకే ఇంట్లో తల్లి, కూతురు, మనవడు ఎక్కించుకున్న కుటుంబాలున్నాయి. కౌంటీలో ఉచితంగా హెచ్‌ఐవి పరీక్ష చేసే ఏకైక క్లినిక్ నిధులు లేక 2013లో మూతపడింది. సూదుల మార్పిడికి, అంటే వాడిన సూది తీసుకుని కొత్తది ఇవ్వడానికి, అప్పటి చట్టం ఒప్పుకోలేదు. 2015లో ఆ చిన్న చోట దాదాపు 200 మందికి హెచ్‌ఐవి బయటపడింది. ఆ తరువాతే గవర్నరు అత్యవసర ఉత్తర్వుతో సూదుల మార్పిడికి అనుమతించారు. ఆ ఒక్క క్లినిక్ నడపడానికయ్యే ఖర్చు కంటే అంతమందికి జీవితాంతం ఇచ్చే చికిత్స ఖర్చు ఎన్ని రెట్లో వ్యాపారం చేసే మీకు నేను చెప్పనక్కరలేదు.

మన దేశంలోనూ జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద సూదులు ఇస్తారు, వాడినవి వెనక్కు తీసుకుంటారు. 2017 నాటి హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం ఇలా ప్రమాదం తగ్గించే పనులకు రక్షణ కల్పించింది. సూది తీసుకోవడానికి వచ్చిన మనిషి మరుసటి వారం కూడా వస్తాడు. నాలుగోసారికి కూర్చుని మాట్లాడతాడు. చికిత్సకు ఒప్పుకునేవాళ్లలో చాలామంది ఈ వరసలోనే వస్తారు. తరిమేసిన మనిషితో ఆ మాట ఎవరు మాట్లాడతారు?

మీరు కఠినంగా ఉండవలసిన చోటు వేరే ఉంది. పెంటాజోసిన్, బ్యూప్రినార్ఫిన్, ట్రమడాల్ వంటివి హెచ్1 షెడ్యూలు మందులు. వాటిని డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు, రిజిస్టరులో రాయాలి, ఆ రిజిస్టరు మూడేళ్లు ఉంచాలి. మీ వీధిలో ఎవరైనా అవి దొంగచాటుగా అమ్ముతుంటే దాన్ని ఆపండి. సిరంజి మాత్రం అడిగినవాడికి ఇవ్వండి, మొహం చిట్లించకుండా ఇవ్వండి. కౌంటరు మీద 14446 నంబరు రాసి పెట్టండి. అది మత్తు నుంచి బయటపడాలనుకునేవారి కోసం ప్రభుత్వం నడిపే ఉచిత ఫోను. పక్క షాపులవాళ్లు మీ మాట విని మానేశారన్నారు కదా, మళ్లీ మీ మాటే వింటారు. వెళ్లి చెప్పండి.

ప్రశ్న: అమ్మా, మీకు దండం పెట్టి రాస్తున్నాను. మా అబ్బాయికి ఇరవై నాలుగేళ్లు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్‌లో సహాయకుడు. రాత్రి డ్యూటీలు ఎక్కువ. ఇల్లు ఊడుస్తుంటే వాడి మంచం కింద సిరంజిలు, ఖాళీ మందు సీసాలు దొరికాయి. అడిగితే మొదట అరిచాడు, తరువాత ఏడ్చాడు. స్నేహితులతో కలిసి ఒళ్లునొప్పుల ఇంజెక్షన్ తీసుకుంటున్నానన్నాడు. మా బావగారు పోలీసులకు చెబుదాం, బుద్ధి వస్తుంది అంటున్నారు. మా ఆయన ఎక్కడైనా బంధించి మాన్పించే చోట వదిలేద్దామంటున్నారు. వాడికి ఆ జబ్బు కూడా ఉందేమోనని నాకు నిద్ర లేదు.
— ఒక తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, మీ అబ్బాయి మీ ముందు ఏడ్చాడు చూడండి, దాన్ని పోగొట్టుకోకండి. మీకు నిజం చెప్పాడు. మీ ఇంట్లో ఇప్పుడున్న అన్నిటికంటే విలువైనది అదే.

పోలీసుల దగ్గరకు వద్దు. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షను ప్రకారం అలవాటుపడిన మనిషి తనంతట తాను చికిత్సకు వెళితే, వాడినందుకు శిక్ష నుంచి రక్షణ పొందే వీలుంది. మత్తుమందు వాడిన నేరానికి శిక్ష ఏడాది లోపే. కానీ కేసు పడితే ఉద్యోగం పోతుంది, మళ్లీ దొరకదు. పని లేక, పేరు పోయి, స్నేహితులుగా మిగిలింది కూడా మత్తు వాడేవాళ్లే అయినప్పుడు మనిషి అందులోంచి బయటికి రావడం చాలా కష్టం. మీ బావగారికి ఈ మాట చదివి వినిపించండి.

బంధించే చోటికీ వద్దు. గొలుసులు వేసేవి, కొట్టేవి, లైసెన్సు లేనివి ఉన్నాయి. ఇంకొక ప్రమాదం మీకు ఎవరూ చెప్పి ఉండరు. కొన్ని వారాలు మందు లేకుండా ఉంచితే శరీరానికి దాన్ని తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. బయటికి వచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. బలవంతంగా మాన్పించిన తరువాత వచ్చే మొదటి రోజులే ప్రాణానికి ఎక్కువ ముప్పు.

మీరు చెప్పినదాన్ని బట్టి అది పెంటాజోసిన్ అయి ఉండవచ్చు. హెరాయిన్ కుటుంబానికి చెందిన నొప్పి మందు. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకు ఇది అలవాటు కావడం వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. జీతం తక్కువ, నిద్ర ఉండదు, రోజూ మందు చేతికి అందుతుంది, సూది వేయడం వచ్చు. వీటన్నిటి మధ్య మీ అబ్బాయి ఉన్నాడు. అందుకే ‘ఏం తక్కువ చేశామురా నీకు’ అని అడగవద్దు. దానికి వాడి దగ్గర జవాబు ఉండదు.

ఇక చేయవలసింది. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. ఈ రకం అలవాటుకు బ్యూప్రినార్ఫిన్ మాత్ర పనికొస్తుందా లేదా అన్నది అక్కడి డాక్టరు నిర్ణయిస్తారు. పనికొస్తుందంటే నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి వాడవలసి ఉంటుంది. ఒక మత్తు పోయి మరో మత్తు వచ్చిందని బంధువులు అంటారు. అననివ్వండి. రక్తపోటు మాత్ర రోజూ వేసుకునేవాళ్లను మనం ఏమీ అనం కదా. ఆ మాత్ర వాడుతూ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లను, పిల్లలను బడికి పంపుతున్నవాళ్లను నేను చూశాను. ఆపరేషన్ థియేటర్ పని మాత్రం మారాలి. అదే ఆసుపత్రిలో మందులు అందని వేరే విభాగం అడగమనండి, లేదంటే వేరే పని చూసుకోమనండి. మందు చేతికి అందే చోట ఉంటూ మానేయమనడం అన్యాయం.

అదే పెద్దాసుపత్రిలో ఐసీటీసీ అనే గది ఉంటుంది. అక్కడ హెచ్‌ఐవి పరీక్ష ఉచితం. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు. మీ అబ్బాయి ఒప్పుకుంటేనే పరీక్ష చేస్తారు, ఫలితం వాడికే చెబుతారు. అది మీకు కూడా చెప్పాలా వద్దా అన్నది వాడి ఇష్టం. తల్లిగా మీకు ఇది కష్టంగా ఉంటుంది, తెలుసు. ఆ నమ్మకం ఉంటేనే వాడి స్నేహితులు కూడా పరీక్షకు వస్తారు. లేదని వస్తే సంతోషించి వదిలేయకండి, మూడు నెలల తరువాత మళ్లీ చేయించాలి. హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా అడగండి. సూదుల ద్వారా హెపటైటిస్ సి హెచ్‌ఐవి కంటే తేలిగ్గా సోకుతుంది. దానికి సాధారణంగా పన్నెండు వారాల మాత్రలతో నయమయ్యే మందు ఉంది, జాతీయ కార్యక్రమం కింద ఉచితంగా ఇస్తారు.

ఒకవేళ ఉందని వస్తే? హెచ్‌ఐవిని అదుపులో ఉంచే మందులను ఏఆర్‌టీ అంటారు. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి, పరీక్షలో ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే మొదలుపెడుతున్నారు. క్రమం తప్పకుండా వేసుకునే మనిషి మామూలు మనిషంత కాలం బతుకుతాడు. మీరు భయపడుతున్న ఆ పాత రోజులు ఇప్పుడు లేవు.

మంచం కింద దొరికినవాటిని చేత్తో పట్టుకోకండి. మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఆసుపత్రిలో ఇవ్వండి. అన్నం మాత్రం వాడికి విడిగా పెట్టకండి.

ప్రశ్న: మేడమ్, నా భర్తకు పెళ్లికి ముందు వేరే రాష్ట్రంలో పనిచేసేటప్పుడు మత్తు సూదుల అలవాటు ఉండేదట. మానేశారు. నాకు ఇదంతా గత నెలే తెలిసింది, ఆయనకు హెచ్‌ఐవి ఉందని తేలినప్పుడు. అత్తగారు నా వల్లే వచ్చిందని ఇంట్లోంచి వెళ్లిపొమ్మంటున్నారు. సూదితో వచ్చింది భార్యకు కూడా వస్తుందా? మాకు ఇంకా పిల్లలు లేరు.
— విజయనగరం జిల్లా

జవాబు: చెల్లీ, వైరస్ ఒంట్లోకి ఏ దారిన వచ్చినా, బయటికి వెళ్లే దారులు అన్నీ ఉంటాయి. భర్తకు సూదితో వచ్చింది భార్యకు సంసారం ద్వారా రావచ్చు. మణిపూర్‌లోని చూరాచాంద్‌పూర్‌లో, హెచ్‌ఐవి సోకిన సూది వాడకందారుల భార్యలను 1990లలో పరీక్షిస్తే, ఎన్నడూ సూది ముట్టని ఆ ఆడవాళ్లలో దాదాపు సగం మందికి సోకి ఉంది. భర్త పోయాక నింద, అప్పులు, పిల్లల భారం వాళ్ల మీదే పడ్డాయి. మీ అత్తగారు అన్న మాట అక్కడి కోడళ్లు కూడా విన్నారు. అందుకే మీ ఉత్తరం చివర పెట్టినా, ఈ నాలుగింటిలో ముందు చదివింది మీదే.

ఈ వారంలోనే మీరు పరీక్ష చేయించుకోండి. ఫలితం వచ్చేదాకా, మీ ఆయన మందులు పనిచేస్తున్నాయని తేలేదాకా కండోమ్ తప్పనిసరి. ఆయన మందులు సక్రమంగా వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, కనీసం ఆరు నెలలు అలాగే నిలిస్తే ఆ తరువాత లైంగికంగా మీకు సోకదు. అప్పుడు పిల్లల గురించి ఏఆర్‌టీ కేంద్రం డాక్టరుతో మాట్లాడండి. ఇలాంటి దంపతులకు ఆరోగ్యవంతులైన పిల్లలు పుడుతున్నారు.

ఇల్లు వదలకండి. 2017 చట్టంలోని 29వ సెక్షను మిమ్మల్ని ఉమ్మడి ఇంట్లోంచి వెళ్లగొట్టడానికి వీల్లేదంటుంది. మీకు హెచ్‌ఐవి ఉన్నా లేకపోయినా, ఉన్న మనిషితో కలిసి ఉంటున్నందుకు ఆ రక్షణ మీకు వర్తిస్తుంది. మాటలతో కాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు వకీలును ఉచితంగా ఇస్తారు. ఫోను నంబరు 15100. హెచ్‌ఐవి సంగతులు ఏవైనా అడగడానికి 1097. ఈ 1097కు మీ పేరు చెప్పకుండానే సలహా అడగవచ్చు. మీ ఆయన మానేశానన్నారు కదా, అత్తగారికి నిజం చెప్పవలసింది కూడా ఆయనే. ఏఆర్‌టీ కేంద్రంలోని కౌన్సెలర్ ముందు కూర్చోబెట్టి, ఆయన నోటితోనే ఆవిడకు చెప్పించండి.